ప్రోగ్రాం లోపలి నుంచి బయటి కమాండ్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై ఓఎంఆర్ దారిలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లం కొందరం, వీలున్నప్పుడు పాత తెలుగు పత్రికల స్కాన్లను టెక్స్ట్‌గా మార్చే పనిలో ఓ చెయ్యి వేస్తుంటాం. ఆంధ్రపత్రిక 1914లో దినపత్రికగా మొదలైంది ఈ ఊళ్లోనే. ఆ కాలపు తెలుగు కాగితానికి ఇక్కడ కొదవ లేదు. పని మాత్రం ఒకటే మూస: పీడీఎఫ్‌ని పీడీఎఫ్‌టుపీపీఎం అనే కమాండ్‌తో బొమ్మలుగా విడగొట్టడం, ఒక్కో బొమ్మనీ, అందులోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్‌కి ఇవ్వడం, వచ్చిన అక్షరాలను సరిచూడటం. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దీనికి ఒక పైథాన్ స్క్రిప్ట్ రాస్తారు, ప్రతివాళ్లూ అవే చోట్ల ఆగుతారు. అందుకే ఈ పేజీ. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కమాండ్ల పేర్లు పలికినట్టు తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు వాటి మామూలు స్పెల్లింగే.

## మొదలుపెట్టే ముందు

లైబ్రరీ ఉండగా కమాండ్ పిలవడం ఎందుకు? చేతగాక చేసే పని కాదా?

కొన్నిసార్లు అవును. ఫైల్ కాపీ చేయడానికి, ఫోల్డర్‌లో ఏముందో చూడటానికి, పాతవి తీసేయడానికి కమాండ్ పిలిస్తే అది బద్ధకమే. పైథాన్‌లో షూటిల్, పాత్‌లిబ్ ఉన్నది వాటికే. టెసరాక్ట్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ (ఆడియో, వీడియో మార్చేది), గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచేది) లాంటివి వేరు. అవి స్వతంత్ర ప్రోగ్రాంలు, వాటిని కమాండ్‌గా నడపడంలో నామోషీ లేదు. పైటెసరాక్ట్ అనే లైబ్రరీ కూడా లోపల చేసేది టెసరాక్ట్ కమాండ్‌ని నడపడమే. ఇంకో లాభం కూడా ఉంది. పాడైపోయిన పీడీఎఫ్ ఒకటి తగిలి పీడీఎఫ్‌టుపీపీఎం క్రాష్ అయితే పోయేది ఆ ఒక్క ప్రాసెసే. మీ ప్రోగ్రాం తర్వాతి ఫైల్‌కి వెళ్తుంది.

కమాండ్ నడిపినప్పుడు అసలు లోపల ఏం జరుగుతుంది?

లినక్స్‌లో మీ ప్రోగ్రాం ఒక పిల్ల ప్రాసెస్‌ని పుట్టిస్తుంది, దీన్ని ఫోర్క్ అంటారు. ఆ పిల్ల తన ఒంట్లోకి కొత్త ప్రోగ్రాంని ఎక్కించుకుంటుంది, ఇది ఎగ్జెక్. పని ముగిశాక అది వదిలిన రిటర్న్ కోడ్‌ని (ఎలా ముగిసిందో చెప్పే అంకె, మామూలుగా సున్నా అంటే సవ్యంగా) మీ ప్రోగ్రాం అందుకోవాలి, అది వెయిట్. పిల్లకి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, ప్రస్తుత ఫోల్డర్ జిరాక్స్ కాపీలుగా వెళ్తాయి. కాపీ మీద ఏం గీసినా ఒరిజినల్‌కి అంటదు. వాటితోపాటు మూడు దారులు: 0 ఇన్‌పుట్ (ఎస్‌టీడీఇన్), 1 అవుట్‌పుట్ (ఎస్‌టీడీఅవుట్), 2 ఎర్రర్ (ఎస్‌టీడీఎర్).

ఈ కథలో బ్యాష్ గానీ మరో షెల్ గానీ ఎక్కడా లేదు, గమనించారా? మీరు ప్రత్యేకంగా పిలిస్తే తప్ప అది రాదు. టెర్మినల్లో మీరు కొట్టిన లైన్‌ని ముక్కలు చేసి, కొటేషన్లు తీసి, నక్షత్రాన్ని ఫైల్ పేర్లుగా విప్పి ప్రోగ్రాంకి అందించేది షెల్. మీ స్క్రిప్ట్‌లో ఆ మధ్యవర్తి ఉన్నాడా లేడా అని ముందు తేల్చుకోండి. మా దగ్గరికి వచ్చే సందేహాల్లో చాలావాటికి మూలం అక్కడే.

ఓఎస్.సిస్టమ్, ఓఎస్.పోపెన్, సబ్‌ప్రాసెస్... ఇన్నింట్లో ఏది వాడాలి?

సబ్‌ప్రాసెస్.రన్. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్ 2004లో పైథాన్ 2.4తో వచ్చింది, రన్ ఫంక్షన్ 2015లో 3.5తో. నడుస్తుండగానే అవుట్‌పుట్ చదవాలంటే అదే మాడ్యూల్‌లోని పోపెన్. ఓఎస్.సిస్టమ్‌ని పాత ట్యుటోరియల్స్‌కే వదిలేయండి. అది ఎప్పుడూ షెల్ ద్వారానే వెళ్తుంది, అవుట్‌పుట్ మీ చేతికి ఇవ్వదు, పైగా కమాండ్ 1తో ఫెయిలైతే లినక్స్‌లో మీకు 256 అని చూపిస్తుంది.

## మొదటి కమాండ్ దగ్గర

అన్నా, టెర్మినల్లో అచ్చంగా ఇదే కమాండ్ పనిచేస్తోంది. రన్‌లో పెడితే "అలాంటి ఫైల్ లేదు" అంటోందేంటి?

మొత్తం లైన్‌ని ఒకే స్ట్రింగ్‌గా ఇచ్చి ఉంటారు. అప్పుడు లినక్స్ "టెసరాక్ట్ పేజీ.పీఎన్‌జీ అవుట్" అనే మొత్తం పొడవుని, ఖాళీలతో సహా, ఒక ప్రోగ్రాం పేరు అనుకుని వెతుకుతుంది. అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? లిస్ట్‌గా ఇవ్వండి: మొదటిది ప్రోగ్రాం పేరు, తర్వాత ఒక్కో ఆర్గ్యుమెంట్ ఒక్కో ముక్క. ఆప్షన్, దాని విలువ కూడా విడివిడిగానే. తెలుగు భాష ఎంచుకోవడానికి "-ఎల్" ఒక ముక్క, "టెల్" ఇంకో ముక్క. రెండూ కలిపి ఒకే ముక్కగా ఇస్తే మధ్యలోని ఖాళీ కూడా భాష పేరులో భాగమైపోతుంది.

కొటేషన్ గుర్తులు కూడా పెట్టకండి. అవి షెల్ కోసం. షెల్ లేనిచోట అవి ఫైల్ పేరులో అక్షరాలే అవుతాయి.

రన్‌కి షెల్=ట్రూ పెడితే, అంటే షెల్‌ని మధ్యలోకి పిలిస్తే, పనైపోతోందిగా, ఇంకేంటి బాధ?

పనైపోతుంది, "1931 జనవరి & ఫిబ్రవరి.పీడీఎఫ్" అనే ఫైల్ తగిలేవరకు. షెల్‌కి & అంటే "ఇంతవరకు వెనకాల నడుపు, మిగతాది వేరే కమాండ్" అని అర్థం. స్కాన్ చేసినాయన రెండు సంచికలు కలిపి పేరు పెట్టాడంతే, ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా మీ స్క్రిప్ట్ సగం పేరుతో ఒక కమాండ్, మిగతా సగంతో ఇంకొకటి నడుపుతుంది. బ్రాకెట్లు, అపాస్ట్రఫీ, సెమీకోలన్, డాలర్ గుర్తు, అన్నిటితోనూ ఇదే గోల.

దురుద్దేశం ఉన్నవాడు వస్తే సంగతి వేరు. వెబ్ ఫారంలో ఫైల్ పేరు రాసే చోట సెమీకోలన్ పెట్టి, పక్కనే ఫోల్డర్ మొత్తం తుడిచేసే కమాండ్ రాస్తాడు. దాన్ని మీ సర్వర్ మీ హక్కులతోనే నడుపుతుంది. భద్రతా లోపాల జాబితాల్లో దీనికి సీడబ్ల్యూఈ-78 అని సొంత నంబరే ఉంది. లిస్ట్‌గా ఇస్తే ఆ సెమీకోలన్ ఉత్త అక్షరం, అంతే.

షెల్=ట్రూ ఎప్పుడూ తప్పే అనను. స్ట్రింగ్ మొత్తం మీరే రాసి, బయటి నుంచి ఒక్క అక్షరం కూడా అందులోకి రాకపోతే వాడుకోవచ్చు. బయటిది తప్పక చేర్చాల్సి వస్తే షెలెక్స్.కోట్‌లో చుట్టి చేర్చండి. అది యూనిక్స్ తరహా షెల్‌కే పనికొస్తుంది, విండోస్ షెల్ అయిన సీఎండీకి కాదు. లిస్ట్ ఇచ్చి షెల్=ట్రూ కూడా పెట్టడం మాత్రం చేయకండి. లినక్స్‌లో లిస్ట్‌లోని మొదటి ముక్క ఒక్కటే కమాండ్‌గా నడుస్తుంది, మిగతావి షెల్ సొంత ఆర్గ్యుమెంట్లుగా పోతాయి. ఎర్రర్ కూడా రాదు.

నక్షత్రం గుర్తు ఎందుకు పనిచేయట్లేదు? టిల్డా (~) కూడా?

వాటిని విప్పేది షెల్ కాబట్టి. పైథాన్‌లో ఫైళ్ల జాబితాకి గ్లోబ్ వాడండి, టిల్డాకి పాత్‌లిబ్‌లోని ఎక్స్‌పాండ్‌యూజర్. గ్లోబ్ ఇచ్చే జాబితాకి వరస గ్యారంటీ లేదు, సార్టెడ్‌లో వేసుకోండి, లేకపోతే పేజీలు తారుమారవుతాయి. పీడీఎఫ్‌టుపీపీఎం పేజీ నంబర్ల ముందు సున్నాలు తనే చేరుస్తుంది కాబట్టి 10వ పేజీ 2వ పేజీ కంటే ముందు వచ్చే బెడద ఉండదు. మీ ఫోన్ కెమెరా ఫొటోలకు ఆ సౌకర్యం ఉందో లేదో చూసుకోండి.

సీడీ కమాండ్ నడిపాను, ఫోల్డర్ మారలేదు.

మారింది, కానీ పిల్ల ప్రాసెస్‌లో. అది చచ్చిపోగానే ఆ మార్పూ పోయింది. రన్‌కి సీడబ్ల్యూడీ అనే ఆర్గ్యుమెంట్‌లో ఫోల్డర్ ఇవ్వండి.

ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని పైపుతో ఇంకోదానికి ఎలా పంపాలి?

డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా కెన్ థాంప్సన్ 1973లో యూనిక్స్‌లో పెట్టిన పైపు ఇప్పటికీ అలాగే పనిచేస్తోంది. కాకపోతే మీ స్క్రిప్ట్‌లో అది నిజంగా కావాలా అని ఆలోచించండి. పైపుకి అవతల ఉన్నది గ్రెప్, సార్ట్, హెడ్ అయితే ఆ పని పైథాన్‌లో రెండు లైన్లు. రెండూ పెద్ద ప్రోగ్రాంలే అయితే రెండు పోపెన్‌లు తెరిచి, మొదటిదాని ఎస్‌టీడీఅవుట్‌ని రెండోదాని ఎస్‌టీడీఇన్‌గా ఇచ్చి, మీ వైపున్న ఆ కొసని క్లోజ్ చేయండి. క్లోజ్ చేయకపోతే రెండోది మధ్యలో ఆగిపోయినా మొదటిదానికి ఆ సంగతి తెలియదు. షెల్ స్ట్రింగ్‌లో పైపు పెడితే మామూలుగా మీకు అందేది చివరి కమాండ్ రిటర్న్ కోడ్ ఒక్కటే. మొదటిది ఫెయిలైనా సున్నా రావచ్చు.

ఫైల్ పేరు హైఫన్‌తో మొదలైతే?

దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. లిస్ట్‌గా ఇచ్చినా ఈ చిక్కు పోదు. పేరు ముందు "./" చేర్చండి, లేదా పూర్తి పాత్ ఇవ్వండి. చాలా కమాండ్లలో రెండు హైఫన్లు విడిగా ఇస్తే ఆ తర్వాతివన్నీ ఫైల్ పేర్లే అని ఒప్పుకుంటాయి.

## అవుట్‌పుట్ చదివేటప్పుడు

అవుట్‌పుట్ స్క్రీన్ మీద పడుతోంది, నా వేరియబుల్‌లోకి రావట్లేదు.

క్యాప్చర్_అవుట్‌పుట్=ట్రూ, దాంతోపాటు టెక్స్ట్=ట్రూ. రెండూ 2018లో పైథాన్ 3.7తో వచ్చాయి. ఎస్‌టీడీఅవుట్ ఖాళీగా కనిపిస్తే ఎస్‌టీడీఎర్ కూడా చూడండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ కబుర్లన్నీ అటే చెబుతుంది. టెసరాక్ట్ మామూలుగా ఫైల్‌లోకి రాస్తుంది, పేరు చివర ".టీఎక్స్‌టీ" తనే తగిలిస్తుంది. మీరు కూడా తగిలిస్తే అది రెండుసార్లు వస్తుంది. ఫైల్ వద్దు, అక్షరాలు నేరుగా కావాలంటే అవుట్‌పుట్ పేరు చోట "ఎస్‌టీడీఅవుట్" అనే మాటే ఇవ్వండి.

కమాండ్ ఫెయిలైనా నా ప్రోగ్రాం ఏమీ జరగనట్టు ముందుకి పోతోంది.

చెక్=ట్రూ పెట్టండి, సున్నా కాని రిటర్న్ కోడ్ వస్తే ఎక్సెప్షన్ లేస్తుంది. అయితే ప్రతి కమాండ్‌కీ సున్నా కానిదంతా వైఫల్యం కాదు. గ్రెప్ 1 ఇస్తే వెతికిన మాట దొరకలేదని, 2 ఇస్తేనే నిజమైన తప్పు. డిఫ్ 1 ఇస్తే రెండు ఫైళ్లూ వేరని. విండోస్‌లో రోబోకాపీకి 8 కంటే తక్కువవన్నీ క్షేమమే. షెల్ ద్వారా వెళ్తే 127 అంటే కమాండ్ దొరకలేదని, 126 అంటే దొరికింది గానీ నడపడం కుదరలేదని.

మైనస్ అంకెలు వస్తే ఆ ప్రాసెస్‌ని ఒక సిగ్నల్ చంపిందని పైథాన్ చెబుతోంది. -11 అంటే అది తనంతట తనే క్రాష్ అయింది. -9 అంటే ఎవరో బలవంతంగా ఆపారు. మీరెవరూ ఆపలేదంటే అనుమానించాల్సింది మెమరీని. 600 డీపీఐలో చేసిన పెద్ద పత్రిక పేజీలను చిన్న సర్వర్ మీద ఒకేసారి చాలా తెరిస్తే కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ని బలిస్తుంది. అదే -9 షెల్ మీదుగా వస్తే 137గా కనిపిస్తుంది, 128కి 9 కలిపి.

రిటర్న్ కోడ్ సున్నా వచ్చినా నేనైతే అవుట్‌పుట్ ఫైల్ ఉందా, దాని సైజు సున్నా కాదు కదా అని కూడా చూస్తాను.

చిన్న ఫైళ్లకు బాగానే నడుస్తుంది, పెద్దవాటికి మధ్యలో బిగుసుకుపోతుంది. ఎర్రర్ లేదు, ఏమీ లేదు.

పోపెన్‌లో ఎస్‌టీడీఅవుట్=పైప్ అని పెట్టి, ఆ తర్వాత నేరుగా వెయిట్ పిలిచారా? లినక్స్‌లో పైపు మామూలుగా పట్టేది 65,536 బైట్లు. పిల్ల ప్రాసెస్ అంత రాశాక, అవతల ఎవరైనా చదివి ఖాళీ చేసేదాకా ఆగుతుంది. మీ ప్రోగ్రాం చదవదు, పిల్ల ముగిసేదాకా ఆగుతుంది. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కూర్చుంటారు, తెల్లారినా లేవరు. చిన్న ఫైళ్ల అవుట్‌పుట్ ఆ 64 కిలోబైట్లలో ఇమిడిపోతుంది కాబట్టి పరీక్షించినప్పుడు ఈ తప్పు బయటపడదు.

వెయిట్ బదులు కమ్యూనికేట్ వాడండి, అది రెండు దారులనూ చదువుతూనే ఎదురుచూస్తుంది. రన్ ఫంక్షన్ లోపల చేసేదీ అదే. ఎస్‌టీడీఅవుట్‌ని లైన్ లైన్‌గా చదువుతూ ఎస్‌టీడీఎర్‌ని మరో పైపుగా తెరిచి పట్టించుకోకపోయినా ఇదే ఉచ్చు. ఎర్రర్ కబుర్లు అక్కర్లేకపోతే డెవ్‌నల్‌కి (ఏం పంపినా మింగేసే, చదివితే ఖాళీగా ఉండే చోటు) పంపండి, కావాలంటే ఫైల్‌లోకి మళ్లించండి, లేదా ఎస్‌టీడీఅవుట్‌తో కలిపేయండి. అవుట్‌పుట్ వందల మెగాబైట్లుంటే మాత్రం కమ్యూనికేట్ కూడా వద్దు, అదంతా మెమరీలో పెట్టుకుంటుంది. నేరుగా ఫైల్‌లోకి వదలండి.

లైన్లు వచ్చినవి వచ్చినట్టు చూడాలి. చివర్లో అన్నీ ఒకేసారి కుమ్మరిస్తోంది.

తప్పు మీ వైపు లేకపోవచ్చు. చాలా ప్రోగ్రాంలు టెర్మినల్ ముందుంటే లైన్ లైన్‌గా రాస్తాయి, పైపు ఎదురైతే పెద్ద ముద్దలుగా పోగేసి వదులుతాయి. నడిపేది పైథాన్ స్క్రిప్టే అయితే "-యు" ఆప్షన్ ఇవ్వండి. సీ భాషలో రాసిన చాలా ప్రోగ్రాంల ముందు లినక్స్‌లో ఎస్‌టీడీబఫ్ కమాండ్‌ని "-ఓఎల్"తో పెట్టి చూడొచ్చు.

కమాండ్ ఏదో అడిగి ఆగిపోయినట్టుంది, కానీ ఏం అడిగిందో కనిపించట్లేదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అయితే "ఫైల్ ఇప్పటికే ఉంది, దాని మీద రాయనా?" అని అడిగి ఉంటుంది. అవును అయితే "-వై", వద్దు అయితే "-ఎన్" ముందే ఇవ్వండి. ఏ కమాండ్‌కైనా ఎస్‌టీడీఇన్=డెవ్‌నల్ పెడితే జవాబు కోసం చూసే బదులు చాలావరకు వెంటనే తప్పుకుంటుంది. రాత్రంతా ఆగి ఉండటం కంటే అది నయం.

## తెలుగు పేర్లు, తెలుగు అక్షరాలు

ఫైల్ పేరు తెలుగులో ఉంటే కమాండ్‌కి ఇవ్వొచ్చా?

లినక్స్‌లో నిరభ్యంతరంగా. పేరంటే దానికి బైట్ల వరస మాత్రమే. జాగ్రత్త పొడవు దగ్గర. లినక్స్ డిస్కుల్లో మామూలుగా ఉండే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి (యూనికోడ్‌లో ఒక గుర్తుకి) 3 బైట్లు. అంటే 85 కోడ్లు. గుణింతపు గుర్తులు, పొల్లులు కూడా లెక్కే: "స్త్రీ" చూడటానికి ఒక అక్షరం, లోపల 6 కోడ్లు, 18 బైట్లు. పత్రిక పేరు, సంపుటి, సంచిక, వ్యాసం శీర్షిక అన్నీ ఫైల్ పేరులో పెట్టాలనుకునేవాళ్లకు ఈ గోడ త్వరగానే తగులుతుంది.

"చెన్నై" అని పేరున్న ఫైల్ కళ్లెదుటే ఉంది, ప్రోగ్రాం మాత్రం లేదంటోంది.

ఆ ఫైల్ పాత మ్యాక్ డిస్క్ నుంచి వచ్చిందేమో కనుక్కోండి. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: మొత్తం ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం ఒకటి, దాని కింది గుర్తు ఒకటిగా రెండు కోడ్లలో. తెలుగు లిపిలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి దాచుకుంటుంది, మన కీబోర్డులు మామూలుగా కలిపి టైప్ చేస్తాయి. కంటికి రెండూ ఒకటే, లినక్స్‌కి రెండు వేరు వేరు పేర్లు. చెన్నై, మైలాపూరు, మధురై, ఈ ఊళ్ల పేర్లున్న ఫైళ్లన్నీ ఈ వలలో పడతాయి! యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌తో అన్ని పేర్లనూ ఎన్ఎఫ్‌సీ (కలిపి రాసే) రూపానికి తెచ్చి ఒకసారి రీనేమ్ చేసేయండి.

అవుట్‌పుట్‌లో తెలుగు బదులు పిచ్చి గుర్తులొస్తున్నాయి.

ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" అని రన్‌కి బాహాటంగా చెప్పండి. విండోస్‌లో చెప్పకపోతే పైథాన్ ఆ మిషన్ పాత కోడ్‌పేజీతో చదవబోతుంది. ముడి బైట్లను మీరే ముక్కలుగా చదువుతుంటే, ముక్క సరిగ్గా ఒక అక్షరపు 3 బైట్ల మధ్య తెగి డీకోడ్ ఎర్రర్ ఇవ్వొచ్చు. ఎర్రర్స్="రిప్లేస్" పెట్టి దాన్ని నోరు మూయించకండి. పోయిన అక్షరం ప్రూఫ్ చూసేవాళ్ల నెత్తిన పడుతుంది.

## ఆపాల్సి వచ్చినప్పుడు, చాలా నడపాల్సి వచ్చినప్పుడు

టైమౌట్ పెట్టాను. అయినా వెనకాల టెసరాక్ట్ నడుస్తూనే ఉంది.

టైమౌట్ చంపేది మీరు నేరుగా పుట్టించిన ప్రాసెస్‌ని. షెల్=ట్రూతో రెండు మూడు కమాండ్లు వరసగా ఇస్తే చచ్చేది షెల్, దాని పిల్లలు అనాథలుగా మిగులుతాయి. పైపు కొసని అవి పట్టుకునే ఉంటాయి కాబట్టి టైమౌట్ అయ్యాక కూడా మీ రన్ తిరిగి రాకపోవచ్చు. షెల్ తీసేస్తే చాలావరకు సరిపోతుంది. ఆ కమాండే మరికొన్నిటిని పుట్టించే రకమైతే పోపెన్‌కి స్టార్ట్_న్యూ_సెషన్=ట్రూ ఇచ్చి, ఆపేటప్పుడు ఓఎస్.కిల్‌పీజీతో గుంపు మొత్తాన్నీ ఆపండి. ముందు టెర్మినేట్ సిగ్నల్, కొంచెం గడువు, వినకపోతే కిల్.

నాలుగు టెసరాక్ట్‌లు ఒకేసారి నడిపితే ఇంకా నెమ్మదైపోయింది!

టెసరాక్ట్ 4 నుంచి ఒక్కొక్కటీ తనంతట తనే పలు థ్రెడ్లు వాడుతుంది. నాలుగు కలిస్తే కోర్‌ల కోసం కొట్లాటే. ఎన్విరాన్‌మెంట్‌లో ఓఎంపీ_థ్రెడ్_లిమిట్ విలువ 1 చేయండి. ఎన్వ్ ఆర్గ్యుమెంట్‌లో అదొక్కటే ఇవ్వకండి, పాత్‌తో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) సహా మిగతావన్నీ ఎగిరిపోతాయి. ఓఎస్.ఎన్విరాన్ కాపీ తీసుకుని దానికి చేర్చండి. సమాంతరంగా నడపడానికి థ్రెడ్‌పూల్ చాలు, మల్టీప్రాసెసింగ్ అక్కర్లేదు. మీ పైథాన్ చేసేది ఎదురుచూడటమే కదా.

పీఎస్‌లో (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే కమాండ్) "డిఫంక్ట్" అని వరసగా కనిపిస్తున్నాయి.

పని ముగిసినా రిటర్న్ కోడ్ ఎవరూ అందుకోని ప్రాసెస్‌లు. పోపెన్ తెరిచిన ప్రతిసారీ వెయిట్ గానీ కమ్యూనికేట్ గానీ పిలవండి. డాకర్‌లో అనాథల వల్ల ఇలా పేరుకుంటే కంటెయినర్‌ని "--ఇనిట్"తో నడపండి.

## సర్వర్ మీద పెట్టాక

చేత్తో నడిపితే సరే, క్రాన్‌లో పెడితే కమాండ్ దొరకదంటోంది.

క్రాన్, అంటే చెప్పిన వేళకి కమాండ్లు నడిపేది, మీ బ్యాష్ సెట్టింగులు చదవదు. దాని పాత్ చాలా కురచ, డెబియన్‌లో యూఎస్ఆర్ బిన్, బిన్ ఫోల్డర్లు మాత్రమే. ప్రోగ్రాంకి పూర్తి పాత్ ఇవ్వండి. స్క్రిప్ట్ మొదట్లోనే షూటిల్.విచ్‌తో కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆపేస్తే అర్ధరాత్రి సగం పనిలో కూలబడదు.

పాస్‌వర్డ్‌ని ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వొచ్చా?

వద్దు. మామూలు లినక్స్ సెట్టింగుల్లో అదే మిషన్‌లోని ఎవరైనా పీఎస్ కొట్టి చదివేయగలరు. ఆ కమాండ్ ఒప్పుకుంటే ఇన్‌పుట్ ద్వారా, లేదా మీరు తప్ప ఎవరూ చదవలేని ఫైల్ ద్వారా ఇవ్వండి.

"ఆర్గ్యుమెంట్ లిస్ట్ మరీ పొడవు" అంటోంది.

లినక్స్‌లో ఒక్కో ఆర్గ్యుమెంట్‌కి హద్దు 131,072 బైట్లు, తెలుగులో సుమారు 43 వేల కోడ్లు. అన్నీ కలిపి మామూలు సెట్టింగుల్లో దాదాపు 2 మెగాబైట్లు. విండోస్‌లో మొత్తం లైన్ 32,767 అక్షరాల్లో ఇమడాలి. పుస్తకం పాఠాన్ని ఆర్గ్యుమెంట్‌గా పంపకండి, ఎస్‌టీడీఇన్‌లో పంపండి. ఫైళ్లు మరీ ఎక్కువైతే విడతలుగా ఇవ్వండి.

## పైథాన్ కాకపోతే

మా ఆఫీసులో జావా, నోడ్. అక్కడ కూడా ఇంతేనా?

చాలావరకు. జావాలో ప్రాసెస్‌బిల్డర్ వాడండి. రన్‌టైమ్.ఎగ్జెక్‌కి ఒకే స్ట్రింగ్ ఇస్తే అది కొటేషన్లని పట్టించుకోకుండా ఖాళీ కనిపించిన ప్రతిచోటా తెగ్గొడుతుంది. నోడ్‌లో ఎగ్జెక్ అంటే షెల్ ఉన్నట్టు, ఎగ్జెక్‌ఫైల్, స్పాన్ అంటే మామూలుగా లేనట్టు. ఎగ్జెక్ అవుట్‌పుట్ 1 మెగాబైట్ దాటితే, మీరు మ్యాక్స్‌బఫర్ పెంచకపోతే, పిల్లని చంపేస్తుంది. గో భాషలో ఎగ్జెక్.కమాండ్ షెల్ జోలికే పోదు, నాకు నచ్చిన పద్ధతి అదే.

విండోస్‌లో డిర్, కాపీ దొరకవంటోంది.

అవి ప్రోగ్రాంలు కావు, సీఎండీ లోపలి మాటలు. ఆ పనులు మీ భాషలోనే చేసుకోండి. బ్యాచ్ ఫైళ్లకి బయటివాళ్లు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు పంపడం మాత్రం మానుకోండి. విండోస్ ప్రాసెస్‌కి లిస్ట్ బదులు ఒకే స్ట్రింగ్ ఇస్తుంది, బ్యాచ్ ఫైల్ అయితే దాన్ని సీఎండీ మళ్లీ తన లెక్కలో విడగొడుతుంది. లిస్ట్‌గా ఇచ్చినా ఇంజెక్షన్ (బయటివాళ్లు తమ కమాండ్‌ని దూర్చడం) జరగొచ్చని 2024 ఏప్రిల్‌లో బయటపడి, రస్ట్ భాష తన లైబ్రరీని సవరించుకోవాల్సి వచ్చింది.

పీహెచ్‌పీలో ఎస్కేప్‌షెల్‌ఆర్గ్ వాడితే ఫైల్ పేరులో తెలుగంతా మాయమైంది. ఎటు పోయింది?

లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) "సీ"గా ఉంటే ఆ ఫంక్షన్ ఆస్కీ కాని బైట్లను తీసిపారేయొచ్చు. ముందుగా సెట్‌లొకేల్‌తో ఎల్‌సీ_సీటైప్‌ని ఒక యూటీఎఫ్-8 లొకేల్‌కి మార్చండి, ఆ లొకేల్ సర్వర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండాలి. పీహెచ్‌పీ 7.4 నుంచి ప్రాక్‌_ఓపెన్‌కి లిస్ట్‌నే ఇవ్వొచ్చు, అప్పుడు ఎస్కేప్ చేసే పనే లేదు.